నిమజ్జనం రోజు అమ్మ లాల్‌దర్వాజా నుంచి పద్మారావునగర్ దాకా నడిచొచ్చింది. ఇప్పుడేం చెయ్యాలి?

పద్మారావునగర్ పిల్ల · ఆదివారం ఉదయం 9:10

అందరికీ నమస్కారం. ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. మా అమ్మకు 68 ఏళ్లు. షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. మోకాళ్ల నొప్పులని రోజూ అంటూనే ఉంటుంది. నిన్న పొద్దున లాల్‌దర్వాజాలో ఉండే మా పెద్దమ్మను చూసొస్తానని బయల్దేరింది. నిమజ్జనం కదా, రేపు వెళ్లమ్మా అంటే వినలేదు.

మూడింటికి అక్కడ బయల్దేరిందట. ఫోను పెద్దమ్మ ఇంట్లో చార్జింగ్‌కి పెట్టి మర్చిపోయింది. బయటికొస్తే బస్సుల్లేవు. చేతిలో యాభై రూపాయల నోటు ఒక్కటే. ఆడవాళ్లకు ఫ్రీ బస్సు వచ్చాక అమ్మ సంచిలో ఆధార్ కార్డు తప్ప ఇంకేం పెట్టుకోవట్లేదు. ఇక నడక మొదలుపెట్టింది. రాత్రి తొమ్మిదింటికి ఒక చెప్పు కాలికి, ఇంకో చెప్పు చేతిలో పట్టుకుని గేటు తీసుకుని లోపలికొచ్చింది.

ఆ ఆరు గంటలు మాకు ఎలా గడిచాయో చెప్పలేను. ఆరింటికి పెద్దమ్మకు ఫోన్ చేస్తే "మూడింటికే వెళ్లిందే" అంది. ఇక టెన్షన్ మొదలు. అన్నయ్య బైకు మీద వెళ్లి కోఠి దగ్గర ఇరుక్కుపోయాడు, ముందుకూ లేదు వెనక్కీ లేదు.

ఇప్పుడు సమస్య ఏంటంటే, అన్నయ్య ఇక అమ్మ ఒంటరిగా గడప దాటడానికి వీల్లేదన్నాడు. అమ్మ "అయితే గొలుసు తెచ్చి కట్టెయ్యండి" అంది. పొద్దున్నుంచి మాటల్లేవు. నాకు రెండు విషయాలు తెలియాలి. ఒకటి, అంత దూరం నడిచాక ఒంట్లో ఏం గమనించుకోవాలి? రెండు, అన్నయ్య అన్నది సబబేనా?

పాతబస్తీ పోరడు · 9:31

ముందు మీ అమ్మకు నా దండం. నిమజ్జనం నాడు ఆ రూట్ల మేమే నడవలేం.

లాల్‌దర్వాజా నుంచి నాగులచింత వచ్చేసరికే శోభాయాత్ర తగిలి ఉంటుంది. బాలాపూర్ గణేశుడు వచ్చే దారి అదే: చాంద్రాయణగుట్ట, ఇంజన్‌బౌలి, అలియాబాద్, నాగులచింత, చార్మినార్, మదీనా, అఫ్జల్‌గంజ్, ఎంజే మార్కెట్, అబిడ్స్, బషీర్‌బాగ్, లిబర్టీ, ట్యాంక్‌బండ్. ఆ రోజు ఈ దారిలో బస్సు, ఆటో ఏవీ రానివ్వరు. సిటీ బస్సుల్ని ఎక్కడికక్కడ ముందే ఆపేస్తారు. పేపర్లో ముందురోజే వేస్తారు గాని ఎవరు చదువుతారు?

ఎంఎంటీఎస్ ప్రేమికుడు · 9:40

నేను పాత పాటే పాడతా, తిట్టుకోకండి. లాల్‌దర్వాజా నుంచి ఉప్పుగూడ స్టేషన్ ఎంత దూరం? మహా అయితే ఇరవై నిమిషాల నడక. అక్కడ ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కితే యాకుత్‌పురా, డబీర్‌పురా, మలక్‌పేట, కాచిగూడ మీదుగా సీతాఫల్‌మండి, ఆ తర్వాత సికింద్రాబాద్. దిగితే పద్మారావునగర్ పక్కనే. పట్టాల మీద ఊరేగింపులు ఉండవు. పైగా నిమజ్జనం రాత్రి రైల్వే వాళ్లు స్పెషల్ సర్వీసులు కూడా నడుపుతుంటారు. 2003 నుంచి ఈ బండ్లు తిరుగుతున్నాయి, మన జనానికి ఇంకా గుర్తురావు.

కూకట్‌పల్లి కాపురం · 9:52

అంతదాకా ఎందుకు, ఎంజీబీఎస్ బస్టాండు దగ్గర మెట్రో ఉంది కదా? గ్రీన్ లైన్. ఎంజీబీఎస్, సుల్తాన్ బజార్, నారాయణగూడ, చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్ రోడ్స్, ముషీరాబాద్, గాంధీ ఆస్పత్రి. అమ్మగారు సరిగ్గా ఆ లైను కిందే నడిచినట్టున్నారు! తల మీద రైలు పోతుంటే కింద నడవడం ఏంటండీ బాబూ. నిమజ్జనం నాడు అర్ధరాత్రి దాటేదాకా నడుపుతారు కూడా.

నల్లకుంట నారదుడు · 9:58

పై సలహాలు రెండూ బాగున్నాయి. పది నిమిషాల్లో మనం ఇంట్లో కూర్చుని ఫోన్లో చూసి చెప్పాం. ఫోను లేకుండా, ఆ డీజేల మధ్య నిలబడితే ఎంతమందికి ఉప్పుగూడ స్టేషన్ గుర్తొస్తుంది?

అసలు అమ్మగారు ఏ దారిన వచ్చారో చెప్పండి పిల్లగారూ. వినాలనుంది.

ఫిజియో అక్క · 10:15

దారి తర్వాత. ముందు ఒంటి సంగతి. నేను ఫిజియోథెరపిస్టుని, రోజూ పెద్దవాళ్లతోనే పని.

షుగర్ ఉంది కాబట్టి ముందు పాదాలు చూడండి. వెలుతురులో, మీరే. వేళ్ల సందులు, మడమలు, అరికాలు. షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు, బొబ్బ లేచినా తెలియదు. బొబ్బ ఉంటే సూదితో పొడవొద్దు. సబ్బు నీళ్లతో కడిగి, తుడిచి, గుడ్డ కట్టి డాక్టరుకు చూపించండి. ఉపశమనంగా ఉంటుందని కాళ్లు వేడినీళ్లలో పెట్టించొద్దు, కాలినా తెలియకపోవచ్చు.

ఏ షుగర్ మందు వాడుతున్నారో చూడండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే పెద్ద భయం లేదు. గ్లిమిపిరైడ్ లాంటిదో, ఇన్సులినో అయితే ఎక్కువ నడిచిన రోజు షుగర్ బాగా పడిపోవచ్చు, అదీ రాత్రి నిద్రలో. మీటరు ఉంటే ఈ రోజు రెండు మూడుసార్లు చూడండి. చెమటలు, వణుకు, మాట తడబడటం కనిపిస్తే వెంటనే పంచదార నీళ్లు. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చెయ్యండి.

ఒళ్లు నొప్పులు రేపు, ఎల్లుండి ఇంకా పెరుగుతాయి, కంగారు పడకండి. అది మామూలే. మామూలు కానివి చెప్తా: మూత్రం ముదురు గోధుమరంగులో రావడం, ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి నొప్పెట్టడం, ఆయాసం, ఛాతీలో పట్టేసినట్టు ఉండటం. వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి వెళ్లండి. నొప్పి మాత్రలు మీ అంతట మీరు వెయ్యొద్దు. బీపీ మందులు వాడుతూ, ఒంట్లో నీరు తగ్గినప్పుడు వేస్తే కిడ్నీలకు మంచిది కాదు.

పద్మారావునగర్ పిల్ల · 10:48

అక్కా, చాలా థ్యాంక్స్. ఇప్పుడే చూశా. ఎడమ కాలి బొటనవేలి పక్కన బొబ్బ ఉంది, పగల్లేదు. అమ్మకు నిజంగానే తెలియలేదు. షుగర్ 118. మందు మెట్‌ఫార్మిన్ ఒక్కటే. సాయంత్రం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తా.

హైటెక్ బిడ్డ · 11:05

ఎవరూ అనట్లేదు కాబట్టి నేనే అంటా. ఇది మతిమరుపు జబ్బు మొదలు కావొచ్చు. ఫోన్ మర్చిపోవడం, చెప్పాపెట్టకుండా గంటల తరబడి తిరగడం, ఎవరినీ సాయం అడక్కపోవడం, ఇవన్నీ లక్షణాలే. మీ అన్నయ్య చెప్పింది కరెక్ట్. మెడలో జీపీఎస్ ట్యాగ్ వెయ్యండి. అయినా నిమజ్జనం రోజు పెద్దావిడను ఒంటరిగా పంపడమేంటి? మీదే బాధ్యత.

రిటైర్డ్ గుమాస్తా · 11:20

బాబూ, నాకు 73. నేను కూడా వారానికోసారి ఫోన్ ఇంట్లో మర్చిపోతా. నాకూ ట్యాగ్ వేస్తారా? ఆవిడకు బస్సు లేదు, డబ్బు లేదు, కాళ్లున్నాయి, ఇల్లు ఎటో తెలుసు. నడిచి ఇంటికొచ్చింది. ఇందులో జబ్బేముంది?

ఫిజియో అక్క · 11:34

హైటెక్ బిడ్డగారూ, మీ అనుమానాన్ని కొట్టిపారెయ్యను. కానీ తేడా ఎక్కడుందో చూడాలి. మతిమరుపు జబ్బులో మనిషి తెలిసిన వీధిలోనే దారి తప్పుతాడు, ఎందుకు బయల్దేరాడో మర్చిపోతాడు, ఎలా వచ్చావంటే చెప్పలేడు. అమ్మగారిని దారి మొత్తం వరసగా చెప్పమనండి. ఎక్కడ ఆగారు, ఎవరితో మాట్లాడారు, ఎందుకలా మళ్లారు అని అడగండి. పరీక్ష పెడుతున్నట్టు కాదు, మామూలుగా. ఇంట్లో కూడా డబ్బు లెక్కలు, మందుల వేళలు, వంటలో వేసినవే మళ్లీ వెయ్యడం లాంటివి కొన్ని నెలలుగా తేడాగా ఉంటే అప్పుడు న్యూరాలజిస్టుకు చూపించండి. ఒక్క సాయంత్రాన్ని పట్టుకుని తేల్చేది కాదు.

పద్మారావునగర్ పిల్ల · మధ్యాహ్నం 1:50

అన్నం తింటూ అడిగా. అడగడమే తరువాయి, గంటసేపు చెప్పింది. నేను అడిగితే మాట్లాడింది, అన్నయ్య గదిలోకి రాగానే ఆపేసింది, అది వేరే కథ. తను చెప్పినట్టే రాస్తున్నా.

నాగులచింత నుంచి చార్మినార్ దాకా నడవలేదట, జనమే మోసుకెళ్లారట. పక్కన ఎవరో తెలియని అమ్మాయి కొంగు పట్టుకుని వెళ్లింది. ఆ అమ్మాయి కూడా "గట్టిగ పట్టుకో అమ్మమ్మా" అని మదీనా దాకా చెయ్యి వదల్లేదు. మదీనా దగ్గర కుర్రాళ్లు నీళ్ల ప్యాకెట్లు పంచుతుంటే ఒకటి తీసుకుంది. తాగలేదు, సంచిలో వేసుకుంది.

అఫ్జల్‌గంజ్‌లో రూపాయి కాయిన్ బాక్స్ కోసం వెతికింది! ఇది విని నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒక కిళ్లీ కొట్టు దగ్గర ఎప్పుడూ ఎర్ర డబ్బా ఫోను ఉండేదట, ఆ కొట్టు ఉంది, ఫోను లేదు. ఆ కొట్టతను తన సెల్ ఇస్తానన్నాడు. నంబరు చెప్పమంటే అమ్మకు గుర్తున్నది మా పాత ల్యాండ్‌లైను ఒక్కటే. అది తీసేసి ఎన్నాళ్లో అయింది. అయినా చేయించింది.

ఎంజే మార్కెట్ దగ్గర వేదిక మీద మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు చదువుతున్నారు. పక్కనే పోలీసులూ ఉన్నారు. మరి నువ్వెందుకు చెప్పలేదమ్మా అన్నాను. "నేను తప్పిపోలేదు కదే. తప్పిపోయిందని మైకులో నా పేరు చదివిస్తే రేపు నీ పెద్దమ్మ ముందు తలెత్తుకోగలనా" అంది.

అబిడ్స్ దగ్గర ఊరేగింపును వదిలేసి కుడికి మళ్లింది. బొగ్గులకుంట, సారస్వత పరిషత్తు ముందు నుంచి, కింగ్‌కోఠి, నారాయణగూడ. అక్కడికొచ్చేసరికి జనం పల్చబడ్డారు. బొగ్గులకుంటలోనే చెప్పు ఉంగటం తెగింది. గాజుకున్న పిన్నీసు తీసి లోపలి నుంచి గుచ్చి, మొన వేలికి తగలకుండా దాని మీద కర్చీఫ్ చింపిన పీలిక చుట్టింది. ఆ చెప్పు నా ముందే ఉంది ఇప్పుడు, చెప్పులు కుట్టేవాడు కూడా అంత నేర్పుగా చెయ్యడు. చిక్కడపల్లి దాకా ఆగింది. అక్కడ పిన్నీసు వంగిపోతే చెప్పు చేత్తో పట్టుకుంది.

ఆటోలు నారాయణగూడలో దొరికాయట. మూడొందలు అడిగాడట. "ఇంటికెళ్లి ఇస్తానంటే నమ్ముతాడా, అయినా మూడొందలా?" ఇదీ తన వాదన. యాభై రూపాయల్లో అరటిపళ్లు కొంది, మిగిలిన ముప్ఫై నాకు లెక్క అప్పజెప్పింది.

ఆర్టీసీ క్రాస్ రోడ్స్, ముషీరాబాద్, గాంధీ ఆస్పత్రి, ఇల్లు.

నల్లకుంట నారదుడు · 2:04

అబిడ్స్ నుంచి లిబర్టీ వైపు పోకుండా బొగ్గులకుంటలోకి మళ్లడం చూశారా? పోయి ఉంటే ట్యాంక్‌బండ్ జనంలో ఇరుక్కునేవారు. మతిమరుపు అన్నవాళ్లు ఎక్కడున్నారో రండి. నేను మ్యాపులో కొలిచా, పన్నెండు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ వస్తోంది.

చరిత్ర పిచ్చోడు · 2:20

అఫ్జల్‌గంజ్ అనగానే ఆగలేకపోతున్నా. అమ్మగారు నయాపూల్ దాటినచోటే, ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు దాని కొమ్మలెక్కి నూటయాభై మంది దాకా బతికారు. ఆ వరద తర్వాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఎంజే మార్కెట్ 1935 నాటిది. సారస్వత పరిషత్తు 1943లో పుట్టింది, నిజాం రాజ్యంలో తెలుగు చదువుకోవడమే కష్టమైన రోజుల్లో…

మోడరేటర్ · 2:26

చరిత్రగారూ, దీనికి వేరే థ్రెడ్ తెరవండి, తప్పకుండా చదువుతాం. ఇక్కడ అమ్మగారి సంగతి.

బర్కత్‌పుర బామ్మ · 2:45

మగవాళ్లెవరూ పట్టించుకోని మాట ఒకటి. నీళ్ల ప్యాకెట్ తీసుకుని తాగకుండా సంచిలో ఎందుకు వేసుకుందో ఎవరైనా ఆలోచించారా?

తాగితే వెళ్లాలి. ఎక్కడికి వెళ్లాలి? లాల్‌దర్వాజా నుంచి నారాయణగూడ దాకా, ఆ జనంలో, చీర కట్టుకున్న ముసలావిడ ఎక్కడికి వెళ్తుంది? మేం బయటికొచ్చే ముందు రోజు నుంచే నీళ్లు తగ్గించేస్తాం. పెళ్లిళ్లకు వెళ్లినా అంతే, తీర్థయాత్రకు వెళ్లినా అంతే. మీ ఇళ్లల్లో అడిగి చూడండి. షుగర్ మనిషి ఆరు గంటలు నీళ్లు తాగకుండా నడవడం, నాకు ఆ పన్నెండు కిలోమీటర్ల కంటే ఇది ఎక్కువ భయం వేసింది.

పెట్రోలు బంకుల్లో టాయిలెట్, మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాలి. పెట్రోలు కొట్టించకపోయినా అడగొచ్చు. తాళం వేసి ఉంటే తాళం చెవి అడగాలి. ఈ ముక్క మన వయసు ఆడవాళ్లకు ఎవరూ చెప్పరు.

ఫిజియో అక్క · 3:02

బామ్మగారూ, వందకు వంద. నేను రాయాల్సింది మీరు రాశారు. పెద్దవయసులో దాహం కూడా ఆలస్యంగా తెలుస్తుంది. కావాలని ఆపుకోవడం దానికి తోడైతే కళ్లు తిరిగి పడిపోతారు. పిల్లగారూ, ఈ రోజంతా కొంచెం కొంచెంగా నీళ్లు, మజ్జిగ తాగిస్తూ ఉండండి.

పాతబస్తీ పోరడు · 3:15

2000 ఆగస్టు వానల్లో మా నాయన బేగంపేట నుంచి శాలిబండకు నడుచుకుంటూ వచ్చిండు, నడుముల దాకా నీళ్లల్ల. అప్పుడు 50 దాటినయి. 2019లో అక్టోబర్, నవంబర్ నెలల్లో ఆర్టీసీ సమ్మె అయినప్పుడు మా మేనత్త రోజూ డ్యూటీకి చార్మినార్ నుంచి నాంపల్లి నడిచింది. అప్పుడు ఎవ్వరూ ట్యాగ్ వేస్తామనలేదు. పనిమీద నడిస్తే కష్టజీవి, అక్కను చూడనీకి పోయి నడిస్తే మతి పోయినట్టా?

హైటెక్ బిడ్డ · 3:30

నా మాట కటువుగా అనిపిస్తే ఏమీ అనుకోకండి. మా నాన్నగారు ఇలాగే ఒకరోజు కనిపించకుండా పోయి మర్నాడు దొరికారు. ఆ రాత్రి తెలిసినవాళ్లకే తెలుసు. మీ అన్నయ్య కోపం వెనక ఉన్నది అదే. అమ్మగారు అంత బాగా దారి చెప్పారంటే సంతోషం. కానీ ఆ ఆరు గంటలు ఇంట్లోవాళ్లు పడ్డ నరకానికి ఆవిడ కూడా ఒక మాట అనాలి కదా?

రిటైర్డ్ గుమాస్తా · 3:41

ఈ మాట ఒప్పుకుంటా. కిళ్లీ కొట్టతను సెల్ ఇచ్చాడు, నంబరు లేక పోయింది. పోలీసులు పక్కనే ఉన్నారు, పరువు అడ్డొచ్చింది. మా తరానికి ఉన్న రోగం ఇదే, దీనికి న్యూరాలజిస్టు అక్కర్లేదు. నేను నా ఆధార్ కవర్లో ముగ్గురి నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకున్నా, వెనక ఐదొందల నోటు మడిచి పెట్టా. ఆ నోటు పాలకు, కూరలకు ముట్టను.

ఇంకోటి. 112కి ఎవరి ఫోను నుంచైనా చెయ్యొచ్చు, నంబర్లు గుర్తు లేకపోయినా సరే. పెద్దవాళ్ల కోసం 14567 ఉంది, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా. అది సలహాలకు, ఇలాంటి అత్యవసరానికి 112 మాత్రమే.

పద్మారావునగర్ పిల్ల · రాత్రి 8:35

డాక్టరుకు చూపించాం. బొబ్బకు కట్టు కట్టారు, మిగతా అంతా బాగుంది, పదిరోజులు కొత్త చెప్పులు వేసుకోవద్దన్నారు.

ఇంటికొచ్చాక మీరు రాసినవన్నీ అమ్మకు చదివి వినిపించా. మతిమరుపు దగ్గరికొచ్చేసరికి "ఎవరా అబ్బాయి? వాళ్ల నాన్నగారు ఇప్పుడెలా ఉన్నారో అడుగు" అంది. బర్కత్‌పుర బామ్మగారి పోస్టు రెండుసార్లు చదివించుకుంది. అన్నయ్య గుమ్మంలో నిలబడి అదంతా విన్నాడు. నీళ్లు తాగలేదన్న సంగతి వాడికి అప్పటిదాకా తెలియదు. లోపలికెళ్లి గ్లాసుతో మజ్జిగ తెచ్చిచ్చాడు. అమ్మ తీసుకుంది గానీ మాట్లాడలేదు.

మెట్రో ఎందుకు ఎక్కలేదో కూడా చెప్పింది. కదిలే మెట్లంటే భయమట. చీర కుచ్చిళ్లు ఇరుక్కుంటాయని ఎవరో చెప్పారట. లిఫ్ట్ ఉంటుందంటే "ఎవరూ చెప్పలేదే" అని నా మీదికొచ్చింది. ఇన్నేళ్లుగా ఆ స్టేషన్ల కింద నుంచే కూరలకు వెళ్తోంది.

కూకట్‌పల్లి కాపురం · 8:50

అన్ని మెట్రో స్టేషన్లలోనూ లిఫ్ట్ ఉంటుంది. ముందు గాంధీ ఆస్పత్రి నుంచి నారాయణగూడ దాకా తీసుకెళ్లి తీసుకురండి, నాలుగు స్టేషన్లే. టికెట్ కౌంటర్లో మనిషే ఉంటాడు, మిషన్ల జోలికి పోనక్కర్లేదు. రద్దీ లేని మధ్యాహ్నం పూట వెళ్లండి.

హైటెక్ బిడ్డ · 9:02

నాన్నగారు రెండేళ్ల క్రితం పోయారండీ. అడిగినందుకు అమ్మగారికి నమస్కారాలు చెప్పండి.

పద్మారావునగర్ పిల్ల · 9:20

చెప్పాను. మీ వీలు చూసుకుని ఒకసారి ఇంటికి భోజనానికి రమ్మంటోంది, నిజంగానే అంటోంది.

ప్రస్తుతానికి ఒప్పందం ఇదీ. గుమాస్తాగారు చెప్పిన కవరు అన్నయ్యే తయారుచేస్తున్నాడు. ఐదొందలు ఎక్కువ, రెండొందలు చాలని అమ్మ బేరం. ఆటోవాడు మూడొందలు అడిగాడని నువ్వే కదా చెప్పావన్నాడు వాడు. ఒంటరిగా వెళ్లకూడదన్న మాట వాడు వెనక్కి తీసుకోలేదు, అలాగని మళ్లీ అనలేదు కూడా. ఫోను తేవడానికి దసరా ముందు లాల్‌దర్వాజా వెళ్లాలట. నేను తెస్తానంటే వద్దంది, పెద్దమ్మతో మాట సగంలో ఆగిపోయిందట. ఈసారి ఎంఎంటీఎస్ అంటోంది. ప్రేమికుడిగారూ, ఆదివారం అయితే బండ్లు ఎలా ఉంటాయి?

ఎంఎంటీఎస్ ప్రేమికుడు · 9:24

ఎట్టకేలకు! ఆదివారం వద్దు, కొన్ని సర్వీసులు రద్దు చేస్తుంటారు. మామూలు రోజు, ఆఫీసుల రద్దీ తగ్గాక పదకొండు ప్రాంతంలో సికింద్రాబాద్‌లో ఎక్కించండి. ఫలక్‌నుమా వైపు వెళ్లేదేనా అని బోర్డు చూసుకోవాలి, లింగంపల్లిది ఎక్కితే ఊరు అటు చివర తేలతారు. ఉప్పుగూడలో బండి ఎక్కువసేపు ఆగదు, యాకుత్‌పురా దాటగానే లేచి తలుపు దగ్గరికి రమ్మనండి. తిరుగు టికెట్ కూడా ముందే తీసేసుకోండి.